అక్కడెంత?

జనవరిలో తెల్లవారకముందే ఫోన్ మోగితే అమెరికాలో ఏ తెలుగింట్లోనైనా గుండె గుభేలుమంటుంది. ఇండియాలో పెద్దవాళ్ళకి ఏమైందోనని. మా ఇంట్లో ఆ భయం పోయి నాలుగైదేళ్ళయింది. ఆ పుణ్యం మా తోడల్లుడిది. ఫోనెత్తితే హలో ఉండదు, కుశలప్రశ్న ఉండదు.

"అక్కడెంత, తమ్ముడూ?"

ఎంతంటే జీతం కాదు, ఉష్ణోగ్రత. ఆయన సెల్‌ఫోన్లో తనుండే డల్లాస్ పక్క ఫ్రిస్కో కంటే పైవరసలో మేముండే డెట్రాయిట్ ఉంటుంది. నిద్ర లేవగానే చూసేదే దాన్ని. తెలిసే అడుగుతారు. కానీ నా నోటితో చెప్పించుకుంటే ఆ రుచే వేరు.

"పద్నాలుగు, అన్నయ్యగారూ."

"సెల్సియస్‌లో చెప్పవయ్యా."

"మైనస్ పది."

"మైనస్సే! అబ్బబ్బబ్బ..." అవతల కాఫీ చప్పరింత వినపడుతుంది. "ఇక్కడ పొట్టిచేతుల చొక్కాతో అలా ఓ రౌండు నడిచొచ్చా."

చిన్నప్పుడు సెల్సియస్, పెద్దయ్యాక ఫారన్‌హీట్ నేర్చుకున్నవాళ్ళం. ఈ రెండు కొలతల్ని ఆయన వాడుకున్నంత లాభసాటిగా ఇంకెవరూ వాడుకోలేదు. మా చలిని సెల్సియస్‌లోకి మారిస్తే మైనస్ తగులుకుంటుంది. వాళ్ళ ఆగస్టు ఎండనీ సెల్సియస్‌లోనే చెబితే నూటనాలుగు కాస్తా నలభై అయి కూర్చుంటుంది. "నలభై ఓ లెక్కా? మాది రెంటచింతల పక్కన. ఎండంటే మాకు మేనమామ లాంటిది" అంటారు.

ఈ రకం మనిషి మీకూ ఒకడు తెలిసే ఉంటాడు. నలభై ఐదు దాటి, యాభై ఐదుకి ఇవతల ఉంటాడు. పెద్దపిల్ల కాలేజీకి వెళ్ళిపోయి ఉంటుంది. మోకాలు మాట్లాడ్డం మొదలెట్టి ఉంటుంది. ఇరవై ఏళ్ళు మంచు ఎత్తిన చేత్తో ఓ రాత్రి ఫోన్లో టెక్సాస్ ఇళ్ళ ఫొటోలు జరుపుతూ, "ఇదే ధరకి అక్కడ అయిదు బెడ్‌రూములు" అని పడుకున్న భార్యని లేపుతాడు. బఫెలో చలివాడు టాంపా వెళ్తాడు, మినియాపొలిస్ వాడు ఫీనిక్స్ వెళ్తాడు. ఫీనిక్స్ రకం "మాది పొడి వేడి" అంటాడు. టాంపా రకం తుఫాను గురించి మాట్లాడడు. డల్లాస్ రకం మాత్రం అన్నిటి గురించీ మాట్లాడతాడు. మా తోడల్లుడు డల్లాస్ రకం.

1998లో కార్ల కంపెనీ పని మీద డెట్రాయిట్లో దిగినప్పుడు ఆయన చలిని పట్టించుకోలేదు. వయసు అలాంటిది. ఆయన్ని టెక్సాస్ పంపింది 2019 జనవరి చివర్లో వచ్చిన పోలార్ వోర్టెక్స్. చెత్తడబ్బా రోడ్డు వారకి తోసుకెళ్తుంటే, కంటికి కనపడని నల్లమంచు మీద కాలు జారింది. పడింది మనిషొక్కడే, డబ్బాకి చక్రాలున్నాయిగా, అది నిమ్మళంగా వాలు వెంట దొర్లి ఎదురింటి ముందు ఆగింది. వదిన కిటికీలోంచి చూస్తే ఈయన ఆకాశంకేసి చూస్తూ పడుకుని ఉన్నారు. "లేవరేమండీ?" అంటే, "ఆలోచిస్తున్నా" అన్నారట. ముడ్డిపూసకి ఏమీ కాలేదు గానీ, ఆ పూట చేసిన ఆలోచన మాత్రం నయం కాలేదు.

మరుసటేడు వేసవికి ఇల్లు అమ్మేశారు. వెళ్ళే ముందు చలిసామాను పంచిపెట్టిన తీరు చూడాలి, సన్యాసం పుచ్చుకునేవాడు కూడా అంత తృప్తిగా పంచడు. బూట్లొకరికి, పారలొకరికి. జాకెట్లు మూటగట్టి దానం. మంచు తీసే స్నోబ్లోయర్ మిషన్ నాకు. ఊరికే ఇవ్వలేదు, నన్ను గరాజ్‌లో నిలబెట్టి చోక్ ఎంత లాగాలో, తాడు ఏ ఊపున గుంజాలో పావుగంట పాఠం చెప్పి, హ్యాండిల్ మీద చెయ్యివేసి, "నాకింక దీంతో పని లేదు తమ్ముడూ" అన్నారు. గొంతు జీరబోయిందని వదిన చెప్పేదాకా నేను గమనించలేదు.

అక్కడ దిగిన మొదటి వారం నుంచే ఆయన ఉద్యోగం మారింది. పగలు చేసేది పాత సాఫ్ట్‌వేర్ పనే. అసలు పని వాతావరణానికి బ్రోకరేజీ. "మిషిగన్‌లో రాష్ట్ర ఆదాయపన్ను నాలుగుంబావు శాతం, ఇక్కడ సున్నా. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఇక్కడే. వచ్చెయ్ తమ్ముడూ." మనం వెళ్తే ఆయనకి రూపాయి రాదు. కానీ ఒక కుటుంబం వెనకాలే వచ్చిందంటే, తను చేసింది తెలివైన పనేనని ఓ సాక్షి సంతకం పడ్డట్టు. అందుకని వారానికో ఇంటి ఫొటో పంపుతారు. నేను తెరవను, మా ఆవిడ తెరుస్తుంది. అదీ నా భయం.

ఆదాయపన్ను లేని సొమ్ము ఎటు పోతుందో బ్రోచరులో ఉండదు. ఇంటిపన్ను రూపంలో పోతుంది. రోడ్డెక్కితే టోల్‌ట్యాగ్ కుయ్‌మంటూ ఇంకొంచెం లాక్కుంటుంది. ఏటా మే నెలలో ఆయన గోడ బీటల ఫొటోలు పట్టుకుని అప్రైజల్ ఆఫీసుకి ప్రొటెస్ట్‌కి వెళ్తారు. ఇంటి విలువ బాగా తక్కువని అక్కడ వాదించి, బాగా పెరిగిందని అదే సాయంత్రం మాకు ఫోన్ చేస్తారు.

బీటలన్నాను కదా. ఆ కథ కాస్త చెప్పాలి. డల్లాస్ చుట్టుపక్కల నేల నల్లరేగడి. మన పల్నాటి పత్తిచేలల్లో ఉండే జాతే, అక్కడా ఒకప్పుడు పత్తే పండించారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. దాని మీద కట్టిన ఇల్లు దాంతోపాటు లేస్తూ కుంగుతూ ఉంటుంది. తలుపులు పట్టేస్తాయి, గోడ మూలల్లో వెంట్రుకవాసి పగుళ్ళు. అందుకని ఎండాకాలం ఇంటి పునాది చుట్టూ చిల్లుల గొట్టం పరిచి నీళ్ళు పెట్టాలి. సాయంత్రం ఆఫీసు కాల్స్ అయ్యాక ఆయన లుంగీ ఎగ్గట్టి పునాదికి తడి పెడుతుంటారు. ఎర్రచీమలు పాదాలు కుడుతుంటే ఓ గంతు, మళ్ళీ గొట్టం.

వాళ్ళమ్మగారు ఇండియా నుంచి వచ్చి ఇదంతా ఓ వారం చూశారు.

"ఏందిరా ఇది? పైరు లేకుండా తడి పెడతన్నావు?"

"పునాదికమ్మా. నేల బీటలేస్తే ఇల్లు కుంగిద్ది."

"రేగడని తెలిసే కొన్నావా?"

ఆయన గొట్టం సర్దుకుంటున్నట్టు వంగారు. పెద్దావిడ నెత్తిన కొంగు కప్పుకుని, ఎండకేసి ఓసారి చూసి, "ఈ ఎండకీ ఈ రేగడికీ ఇంతదూరం రావాలా? మన ఊళ్ళో లేవా ఏంది?" అని లోపలికెళ్ళి ఏసీ కింద కూర్చున్నారు. ఈ సంగతి మాకు చెప్పింది వదిన. ఆయన ఇంతవరకూ చెప్పలేదు.

చెప్పనివి ఇంకా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది 2021 ఫిబ్రవరి. దిగిన మొదటి శీతాకాలమే అది. చలి టెక్సాస్‌ని వెతుక్కుంటూ వచ్చింది. కరెంటు గ్రిడ్ చేతులెత్తేసింది. ఆ రాష్ట్రం గ్రిడ్ చాలామటుకు దానిదే, పక్కింటి నుంచి చేబదులు తెచ్చుకునే వీలు తక్కువ. ఇంట్లో దీపం లేదు, హీటర్ లేదు, జాకెట్లు దానం. అప్పటిదాకా నా అంతట నేను ఫోన్ చెయ్యనివాణ్ణి, పదహారో తారీకు పొద్దున్నే నేనే చేశాను. ఒట్టు, వెటకారానికి కాదు, నిజంగా భయపడే.

"అక్కడెంత, అన్నయ్యగారూ?"

కాసేపు ఏమీ వినపడలేదు. వాకిట్లో కారు స్టార్ట్ చేసి, అందులో నలుగురూ కూర్చుని ఫోన్లు చార్జింగ్ పెట్టుకుంటున్నారట.

"మైనస్ రెండు."

"ఓస్, అంతేనా?"

"ఫారన్‌హీట్."

జీవితంలో మొదటిసారి ఆయన సెల్సియస్ వాడలేదు. వాడితే మైనస్ పంతొమ్మిది. రెండ్రోజుల తర్వాత మంచు కరిగి అటకలోని నీళ్ళగొట్టం పగిలి హాలు పైకప్పు ఊడి సోఫా మీద పడింది. అయినా, "1949 తర్వాత ఇంత చలి ఇదేనట, మళ్ళీ మన మనవళ్ళ కాలానికి గానీ రాదు" అని చిన్న ఊరట వెతుక్కున్నారు. నేలలో నాటిన కరివేపాకు మాత్రం ఆ ఊరట దాకా ఆగలేదు. ఇప్పుడున్న మొక్క కుండీలో ఉంది. కుండీకి చక్రాలున్నాయి. నవంబర్ నుంచి అది లోపలే, అచ్చం మిషిగన్లో లాగే.

ఇవన్నీ చెప్పి నవ్వుతున్నాను గానీ, డిసెంబర్లో ఇక్కడ సాయంత్రం అయిదింటికే చీకటి పడి, వైపర్లు అద్దానికి అతుక్కుపోయి, గీకుడుపుల్లతో మంచు గోకుతున్నప్పుడు ఆయన ఫొటో వస్తుంది: పెరట్లో కుర్చీ, ఎండలో కాళ్ళు, కాళ్ళకి చెప్పులు. ఆ చెప్పుల్ని చాలాసేపు చూస్తాను. అది ఒప్పుకోవాలి.

పోయినేడాది ఆయన రక్తపరీక్ష చేయించుకుంటే విటమిన్ డి ఇక్కడున్నప్పటికంటే తక్కువొచ్చింది. డాక్టరు ఆశ్చర్యపోయిందట గానీ వదిన పోలేదు. "మే నుంచి సెప్టెంబర్ దాకా ఈయన ఎండ చూసేది కారు అద్దంలోంచే. ఏసీ గరాజ్ నుంచి ఏసీ ఆఫీసుకి. అక్కడ నాలుగు నెలలు మంచుకి దాక్కునేవాళ్ళం, ఇక్కడ అయిదు నెలలు ఎండకి. నెలొకటి పెరిగింది మరిదిగారూ, అంతే."

జులైలో మూడు వారాలు మా ఇంటికొచ్చారు. "పిల్లలకి సరస్సులు చూపిద్దామని" అన్నారు. పిల్లలు చూశారో లేదో గానీ, ఆయన మాత్రం రాత్రిళ్ళు కిటికీ తెరిచి దుప్పటి కప్పుకుని పడుకున్నారు. ఓ సాయంత్రం గరాజ్‌లో చప్పుడైతే వెళ్ళి చూశాను. నా పచ్చళ్ళ జాడీల వెనక నుంచి స్నోబ్లోయర్ని బయటికి లాగుతున్నారు.

"వాడకపోతే ఇంజను పట్టేస్తుంది తమ్ముడూ. ఒక్కసారి స్టార్ట్ చేసి ఆపేస్తా."

చోక్ లాగి, నడుం వంచి తాడు గుంజారు. మూడో గుంజుకి అందుకుంది. ఎదురింటాయన గడ్డి కోసే మిషన్ ఆపి ఇటు చూశాడు. ఎనభై డిగ్రీల ఎండలో, పొడి కాంక్రీటు మీద, మా తోడల్లుడు ఈ చివర నుంచి రోడ్డు దాకా అంచు తప్పకుండా ఒక చాలు తీశారు.

వదిన వాకిట్లోకొచ్చి, "ఇంక చాలు, రండి!" అని కేకేశారు.

ఆయన మిషను తిప్పుకుని రెండో చాలు అందుకున్నారు.