పొదనామ మీమాంస

ప్రథమాధికరణం: ప్రయోజనం. అమరసింహుడు వనౌషధివర్గంలో మాను లేనిదాన్ని గుల్మమనీ, కొమ్మలూ వేళ్ళూ పొట్టివైనదాన్ని క్షుపమనీ నిర్ణయించాడు. యవనదేశపు థియోఫ్రాస్టస్ సమస్త ఉద్భిజ్జాలను నాలుగు తెగలు చేశాడు. లిన్నేయస్ 1753లో ప్రతి జాతికీ రెండు మాటల పేరు పెట్టాడు. రాయికోడ్ నల్లరేగడి గట్టుమీద కొడవలి పట్టిన మనిషి ఏమంటాడన్నది ముగ్గురూ ఉపేక్షించారు. తత్పూరణార్థమే ఈ శాస్త్రం.

ద్వితీయాధికరణం: సామాన్యనామాలు. 'చెట్టు' సర్వవ్యాపి, మర్రీ చెట్టే, మోకాలెత్తు మిరపా చెట్టే, కనుక పరిమాణం దానికి లక్షణం కానేరదు. 'పొద'కు శంక ప్రాణం. లోపల పామో కుందేలో ఉందన్న అనుమానం లేనిదే పొదత్వం సిద్ధించదు. 'కంప' విషయంలోనే ఘోరవివాదం. రేగు మొలకెత్తిననాడే కంప అని నిత్యకంపవాదులు. నరికి చేను చుట్టూ పరిచిన పిమ్మటే కంపత్వం సంక్రమిస్తుందని ఛేదనవాదులు. ఛేదనపక్షమే బలవత్తరమని మా నిర్ణయం. పండ్లకు పోయే పిల్లలెవరూ కంపకు పోతున్నామనరు గదా. అయితే 'కంపచెట్టు' అనే లోకవ్యవహారం, రెండు సామాన్యాలను జతచేసి విశేషాన్ని పూర్తిగా ఎగవేసిన ఆ అపూర్వసమాసం, ఉభయపక్షాలకూ కంటకప్రాయం.

తృతీయాధికరణం: విశేషనామోత్పత్తి. ఇందుకు గట్టుమీది సంవాదమే ప్రమాణం.

"అవ్వా, గిదేం చెట్టు?"
"చెట్టే బిడ్డా."
"మరి గది?"
"గదీ చెట్టే. అయ్యో, కాలు జూసి పెట్టు, సర్కారు తుమ్మ!"

ముల్లు దిగనిదే పేరు పుట్టదని దీనివల్ల తేలుతున్నది. ఇందులో సూక్ష్మమొకటుంది: సర్కారు తుమ్మ పేరుకు తుమ్మేగాని వంశరీత్యా జమ్మికి దాయాది, అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిన దాయాది. జమ్మి రాష్ట్రవృక్షమై దసరానాడు 'బంగారం' పేర చేతులు మారుతుండగా, దాయాది పొయ్యిలోకి పోతున్నది.

తంగేడుది నైమిత్తికనామం. బతుకమ్మ నాళ్ళలో ఊరంతా పేరుపెట్టి వెదుకుతుంది. పండుగ వెళ్ళగానే అది మళ్ళీ వట్టి చెట్టు. రాష్ట్రపుష్ప పదవి కూడా ఈ నియమాన్ని సడలించలేదు.

చతుర్థాధికరణం: అపవాదం. కాంగ్రెస్ గడ్డి, నామాంతరం వయ్యారిభామ. పశువు నోట పెట్టదు కనుక గడ్డి కాదు. ముల్లు లేదు కనుక కంప కాదు. చెట్టందామంటే చెట్టువాదులే ఒప్పుకోరు. పీకినవారి చేతుల దురద తగ్గినవెంటనే వారి సాక్ష్యం తీసుకోబడును.