దీవుల ప్లాను

మా ఇంట్లో విహారయాత్రలు రెండు రకాలు. నేను కాగితం మీద చేసేవి, మా ఆవిడ బస్సెక్కి చేసేవి. ఆవిడ ఖాతాలో అరసవల్లి, శ్రీకూర్మం, రామతీర్థం, ఏటేటా పైడితల్లి సిరిమానూ వస్తాయి. నా ఖాతాలో మిగిలిన ప్రపంచమంతా వస్తుంది.

మా ఆఫీసువాళ్లు ఇచ్చే ప్రయాణ రాయితీ, ఎల్టీసీ, దేశం దాటితే చెల్లదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఈసారి మారిషస్‌తో మొదలెట్టాను, కాగితానికి ఖర్చేముంది గనక. డచ్చివాళ్లు 1598లో తమ ఏలిక మారిస్ పేరు పెట్టుకున్న దీవి అది. 1715లో ఫ్రెంచివాళ్ల చేతికొచ్చింది, 1810లో ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో వంచడానికి నడుములు కావాలి కదా, మనవైపు చూశారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి జనం వెళ్లారు. అప్పటికి మన శ్రీకాకుళం గంజాంలోనిదే. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని అక్కడ తెలుగువాళ్లని కోరంగీలన్నారు. కూలీలు ఎక్కిన రాతిమెట్లు పోర్ట్ లూయిస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఆప్రవాసీ ఘాట్‌ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు కూడానూ.

ఇదంతా వంటింటి గుమ్మానికి జారబడి చెప్పాను. మా ఆవిడ పప్పులో పోపు పెట్టి, చుయ్యిమన్న వెంటనే మూత మూసి, ఆ ఘాటుకి నేను తుమ్మడం పూర్తయ్యేదాకా ఆగింది.

"అంటే, మనోళ్లని వాళ్లు డబ్బిచ్చి తీసుకెళ్లిన చోటికి మనం డబ్బు కట్టి ఎళ్లాలి. అంతేనా అండీ?"

చరిత్ర పుస్తకాలు రాసేవాళ్లు మా వంటింటికి రారు గాని, వస్తే బాగుపడతారు.

సరే, అండమాన్. ఎల్టీసీ చెల్లుతుంది, విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. ఆ ఓడ ఎప్పుడో గాని ఉండదు, ఎక్కితే మూడు రోజులు పట్టేస్తుంది, అందుకని విమానమే అనుకున్నాను. కంప్యూటర్లో పట్టిక గీసి, గడులకు రంగులు వేసి, రాస్ దీవికి ఒక రోజు, నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవికి ఒక రోజు, హేవ్‌లాక్‌కి ఒకటి, స్వరాజ్ దీవికి ఒకటి కేటాయించాను. పదో తరగతి చదివే మా గుంటడు పట్టిక చూసి, "నాన్నా, 2018లో పేర్లు మార్చారు, దీవుల్ని కాదు" అన్నాడు. సాయంత్రపు వెలుగులో అదే దీవి వేరేగా ఉంటుందని చెప్పి పంపేశాను. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయిందన్న వార్త మాత్రం వాడికంటే ముందు నేనే చెప్పాను. ఆ మాత్రం గౌరవం దక్కించుకోవాలి కదా.

అత్తగారు కవిటి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడకి సెల్యులార్ జైలు గురించి చెప్పాను. 1896లో మొదలెట్టి 1906కి కట్టారని, ఏడు వరసల్లో వందల కొట్లని, ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా మనుషుల్ని ఒంటరి చేయడమే ఆ కట్టడం ఉద్దేశమని. స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్లని గానుగకి కట్టి కొబ్బరినూనె తీయించారని చెప్పేసరికి నా గొంతు నిజంగానే పూడుకుపోయింది. అత్తగారు కూడా "పాపం" అన్నారు. తర్వాత కాసేపు ఆలోచించారు. చుట్టూ కొబ్బరితోటలున్న ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషి.

"కొబ్బరిచెట్లు, సముద్రం, ఇసుక. మా ఇంటికాడ ఉన్నయ్యే గదా. దానికి ఇమానమెక్కాలేటి బాబూ?"

విమానం ఎక్కాల్సిన అసలు కారణం నేను ఎవరికీ చెప్పలేదు. మనల్ని గుర్తుపట్టే మనిషి లేని చోట, నిక్కరు వేసుకుని, ఎవరికీ నమస్కారం పెట్టకుండా నాలుగు రోజులు తిరగాలని. గంటస్తంభం దగ్గర టీ తాగితే సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోయే ఊరు మాది.

2011 జనాభా లెక్కలు చూశాక ఆ ఆశ కూడా సన్నగిల్లింది. ఆ దీవుల్లో 100కి సుమారు 13 మంది మాతృభాష తెలుగట. శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్‌లో మనవైపు జాలర్ల కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఈ ముక్క పైకి అనకపోయినా బాగుండేది. మా ఆవిడ అప్పటికే ఫోన్లో ఉంది. వాళ్ల పెదనాన్న కూతుర్ని ఇచ్చింది అక్కడేనట.

"హోటలేటి బావా, మన ఇల్లుండగా!" అంది ఆ మరదలు, లౌడ్‌స్పీకర్లో. వాళ్లాయన సెలవు పెడతాడు. మా ఆవిడ తరఫు వాళ్లు ఆ ఊళ్లో ఇంకా నాలుగిళ్లున్నారు, ఒక్కొక్కళ్లింట్లో ఒక్కో పూట. సముద్రం అడుగున పగడాలు చూడ్డానికి నేను వేరుగా పెట్టుకున్న పూటని వాళ్లలో ఒకరి గృహప్రవేశం తినేసింది.

ఇప్పుడు పట్టికలో రంగులు మా ఆవిడ వేస్తోంది. పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు పంచె, ఆవకాయ జాడీ, ఉద్దానం పనసకాయ. విమానంలో సామాను మనిషికి పదిహేను కిలోలే అని గుర్తుచేశాను. నా నిక్కర్లు తీసేస్తే పనసకాయ పడుతుందని అత్తగారు లెక్కగట్టారు.