రేపటి పేజీ

గైడ్ పుస్తకాన్ని చొక్కా జేబు కొలతకు కొన్న మనిషిని నేను. లావు పుస్తకం చేతిలో ఉంటే అందరూ టూరిస్టు అనుకుంటారని నా బెంగ. పట్టుచీర మీద స్వెట్టర్ తొడుక్కున్న మా ఆవిడ పక్కన మంకీ క్యాప్‌తో నడిచేవాణ్ణి పారిస్‌లో ఇంకేమనుకుంటారో తట్టలేదు.

హైదరాబాద్ షాపులో ఒక్కో పుస్తకాన్నీ జేబులో దోపి చూశాను. సగం ధరకొచ్చే పాత ఎడిషన్ ఒకటి బొత్తాం పెట్టినా పట్టింది. బేరం కుదిరింది. లోపలి అక్షరాలు చదవాలంటే కళ్లద్దాలు కావాలని, ఆ కళ్లద్దాల పెట్టెకి మరో జేబు కావాలని అప్పుడు ఆలోచించలేదు.

అమ్మాయి ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. అక్కణ్ణుంచి పారిస్‌కి రైల్లో నాలుగు గంటలే. మా దగ్గరున్నవి సోమ, మంగళవారాలు. సోమవారం ఓర్సే మ్యూజియం, మంగళవారం లూవ్ర్ అని రైల్లోనే పేజీల మూలలు మడిచాను. ఓర్సేకి సోమవారం సెలవు. లూవ్ర్‌కి మంగళవారం సెలవు. అటుదిటు చేసుంటే రెండూ దక్కేవి. ఆ సంగతి పుస్తకంలో లేకపోలేదు. చివర్లో, కరెన్సీకీ కరెంటు ప్లగ్గులకీ మధ్య ఉంది.

సోమవారం ఓర్సే గేటు ముందు నిలబడ్డాం. సేన్ నదికి అవతలి గట్టున పొడుగాటి భవనం కనిపిస్తోంది. "ఏమండీ, అదేదో పెద్దగా ఉంది, పోయి చూద్దామా?" అంది మా ఆవిడ. పటంలో వెతికితే అదే లూవ్ర్. కాలిబాట వంతెన దాటితే నడిచిపోయేంత దూరం. పైగా ఆ రోజు తీసే ఉంది. "అది రేపటి పేజీ" అన్నాను.

ఆమెని మెట్రోలో మోమార్త్ర్ గుట్టకి లాక్కెళ్లాను. పది టికెట్ల కట్ట కొనమంది పుస్తకం. ఆ కాగితం కట్టల అమ్మకం ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడంతా కార్డే. అక్కడి అబెస్ స్టేషన్ 36 మీటర్ల లోతున ఉంటుంది. లిఫ్ట్ ఉంది. అయితే మెట్ల పక్క గోడల మీద బొమ్మలుంటాయని నా పుస్తకం చెప్పింది కదా! బొమ్మలు నేను చూశాను. ఆమె మోకాళ్లు పట్టుకుంది.

అసలు పారిస్‌లో దారి తప్పడానికే ప్రతిభ కావాలి. 1860 నుంచి ఆ ఊరు 20 వార్డులు. ఊరి మధ్యలోంచి మొదలై నత్తగుల్లలా చుట్టుకుంటూ బయటికి పోతాయి. పిన్‌కోడు చివరి రెండంకెలే వార్డు నంబరు. లూవ్ర్‌ది 75001, ఓర్సేది 75007, మోమార్త్ర్‌ది 75018. నా పుస్తకంలో ప్రతి చిరునామా కిందా అవి అచ్చేసే ఉన్నాయి. ఉత్తరం వేసేదుందా, పిన్‌కోడుతో నాకేం పని అని వదిలేశాను.

పేటలవారీగా రాసిన పుస్తకమైతే ఇంత తిరుగుడు తప్పేది. నాది మ్యూజియాలన్నీ ఒకచోట, చర్చిలన్నీ ఒకచోట కట్టగట్టిన రకం. ఇంట్లో కూర్చుని చదువుకోడానికి అది హాయి. తక్కువ వ్యవధిలో ఊరు చూడాలంటే మాత్రం ఈ చర్చి పక్కన ఏముందో, దాని పక్కన ఏముందో కావాలి. షాపులో నేను చూడాల్సింది సెలవుల పేజీ, పటం, అచ్చయిన సంవత్సరం. చూసింది జేబు.

మంగళవారం లూవ్ర్ ముంగిట్లో, 1989లో తెరిచిన ఆ గాజు పిరమిడ్ దగ్గర, మూసిన తలుపుల ముందు ఫొటోలు దిగాం. పుస్తకం తీయబోయాను. "నిన్న సెలవంటే ఇవాళ తీసుండాలి కదండీ" అని మా ఆవిడ వంతెన వైపు నడిచింది. తీసే ఉంది. 1900 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన రైల్వే స్టేషనట ఓర్సే. పై అంతస్తులో పాతకాలపు పెద్ద గడియారం ఉంది. దాని గాజులోంచి నది అవతల లూవ్ర్ బారుగా కనిపించింది.

రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది. "లూవ్ర్ చూశారా నాన్నా?"

"చూశాం" అన్నాను.

"గడియారంలోంచి" అని మా ఆవిడ పక్కనుంచి అందుకుంది.