మూత మీద లడ్డూ, కింద బీరకాయ

జూన్‌లో బడులు తెరిచారంటే దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో అమ్మలకు కొత్త ఆశ. లంచ్ డబ్బా మీద బొమ్మ బాగుంటే లోపలి కూర దానంతటదే కడుపులోకి పోతుందని! కారు డబ్బా, చెవుల కుందేలు డబ్బా, మూత మీద ఛోటా భీమ్. అక్కడే వచ్చింది చిక్కు. పొపాయ్ పాలకూర మింగి కండలు చూపించాడు. 2008 నుంచి టీవీలో గెంతుతున్న మన హైదరాబాదీ భీముడికి మాత్రం బలమంతా లడ్డూలోనే. మూత మీద లడ్డూ వీరుడు, మూత కింద బీరకాయ... ఇది కల్తీ కాదా?

సాయంత్రం ఎల్బీనగర్ ఇంట్లో డబ్బా తెరిస్తే కుందేలు చెవులు రెండూ ఊడిపోయి ఉన్నాయి. బీరకాయ చెక్కుచెదరలేదు. పోపులో వేసిన జీడిపప్పు మాత్రం మాయం (పిల్లాడి ఏరివేత నైపుణ్యానికి జోహార్లు).

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కిలో కేలరీల పళ్లెంలో కూరగాయలు 400 గ్రాములు ఉండాలంది. ఆ వార్త పైకి చదువుతూనే నాన్నగారు సొరకాయ ముక్కల్ని కరివేపాకుతో కలిపి పళ్లెం అంచుకు నెట్టారు. పక్కనే కూర్చున్న పిల్లాడు చూశాడు. వాడూ నెట్టాడు.

సరూర్‌నగర్ రైతుబజారులో సొరకాయకు బొమ్మా లేదు, మూతా లేదు. నాన్నగారూ, అంచున ఉన్న ఆ ముక్క ముందు మీరు తినండి.