శనివారం పేజీకి కొన్ని తలకిందుల సలహాలు

సైన్సు క్లాసుకు వారానికో పేజీ రాయమంటున్నారు కదా, ఈ వారం ఏం చదివాం, ఏ ప్రయోగం చేశాం, ఏమనిపించింది అని. మా బడిలో శనివారం ఆఖరి పీరియడులో రాయిస్తాం. నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు అని ఒక అంశం ఉంది కాబట్టి దానికి మార్కులూ ఉంటాయి. ఆ పేజీ ఎలా రాయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముందే చెబుతున్నా, ఇందులో ఉన్నవన్నీ మీ ఇంట్లో చెప్పేవాటికీ, గైడులో అచ్చయినవాటికీ ఎదురు. వీటిని పాటిస్తే పేజీ చూడ్డానికి బాగుండదు. అయినా పాటించు. ఏళ్ల తరబడి ఈ పేజీలు దిద్దుతున్నాను, అందంగా ఉన్న పేజీల్లో నాకు పాఠమే మళ్లీ కనబడుతుంది గాని రాసిన పిల్లో పిల్లాడో కనబడరు.

మొదటి మాట: నేర్చుకున్నది రాయకు.

"ఈ వారం కిరణజన్య సంయోగక్రియ గురించి తెలుసుకున్నాను. దానికి కాంతి, నీరు, కార్బన్ డయాక్సైడ్, పత్రహరితం అవసరం. ఈ పాఠం నాకు చాలా నచ్చింది." ఇలా రాస్తే ఒక్క తప్పూ ఉండదు. నోటుబుక్కు అట్ట మీద పేరు చూస్తే తప్ప ఎవరిదో కూడా తెలియదు. నీకు తెలిసింది పాఠ్యపుస్తకంలో ఉంది, నాకూ తెలుసు. నువ్వు ఎక్కడ ఆగిపోయావో అది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, నువ్వు రాస్తేనే ఉంటుంది. "వెలుతురు ఉంటేనే ఆహారం తయారవుతుందన్నారు, మరి రాత్రంతా చెట్టు ఏం తింటుంది?" అని ఒక్క వాక్యం రాయి చాలు. ఆ ప్రశ్నకు జవాబు ఉంది. పగలు ఆకులో దాచుకున్న పిండిపదార్థాన్ని చెట్టు రాత్రిపూట చక్కెరగా మార్చుకుని వాడుకుంటుంది. ఆ సంగతి తెలిస్తే, ఆకులో పిండి ఉందో లేదో చూసే ప్రయోగానికి ముందు కుండీని చీకటి గదిలో ఎందుకు పెట్టమంటారో కూడా అర్థమవుతుంది. ఆకులో దాచుకున్నదంతా ఖర్చయిపోవాలి, లేకపోతే పాత పిండిని చూసి కొత్తదనుకుంటాం.

ఆ ప్రయోగం గురించే రెండో సలహా, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ప్రయోగం పాడైతే ఆ వారం పేజీ ఎక్కువ రాయి.

పదో తరగతి పిల్లలకు తెలిసిన మోల్ అర్ధపత్ర ప్రయోగమే తీసుకుందాం. వెడల్పు మూతి సీసాలో పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తాం, అది లోపలి కార్బన్ డయాక్సైడును పీల్చేస్తుంది. నిలువునా చీల్చిన కార్కు మధ్యలో ఆకును ఇరికించి, సగం లోపల, సగం బయట ఉండేలా ఎండలో కొన్ని గంటలు ఉంచుతాం. తర్వాత ఆకు తెంపి, నీళ్లలో ఉడికించి, ఆ పైన స్పిరిట్ ఉన్న గొట్టాన్ని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి ఆకుపచ్చ అంతా దిగిపోయేదాకా చూస్తాం. పాలిపోయిన ఆకు మీద అయోడిన్ చుక్కలు వేస్తే బయటి సగం నల్లటి నీలంగా మారాలి, లోపలి సగం మారకూడదు. రికార్డులో అందరూ అలాగే రాస్తారు. తరగతిలో నిజంగా జరిగేది చాలాసార్లు వేరు. రెండు సగాలూ నీలమవుతాయి. లేదా రెండూ అవ్వవు. లేదా ఈనె వెంబడి అక్కడక్కడ మరకలు పడతాయి.

అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? పక్క బ్యాచి రికార్డు చూసి దించేస్తారు. నాకు నిజంగా బాధ కలిగేది అక్కడే. ఎందుకంటే సైన్సు సరిగ్గా మొదలయ్యే చోట వాళ్లు దాన్ని వదిలేశారు. రెండు సగాలూ నీలమయ్యాయంటే కార్కు సందులోంచి గాలి వెళ్లిందేమో. దాన్ని వాజిలైనుతో మూశామా? కుండీ చీకట్లో ఉన్నది చాలిందా, తలుపు సందులోంచి వెలుగు పడిందా? రెండూ మారకపోతే, ఆ రోజు మబ్బు పట్టిందా? ఇవి రాయి. ఇంకా ముందుకు వెళ్లి, ప్రయోగం బాగా వచ్చిన రోజున కూడా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. లోపలి సగానికి కార్బన్ డయాక్సైడు అందలేదని అంటున్నాం. కాని అది సీసాలో ఉక్కలో కూడా ఉంది కదా, తేడా అందువల్ల వచ్చిందేమో? పొటాషియం హైడ్రాక్సైడ్ లేని సీసాలో ఇంకో ఆకు పెట్టి చూశామా? ఈ ప్రశ్న రాసిన పిల్లకు ఆకు నీలమైనా కాకపోయినా నేను పూర్తి మార్కులు వేస్తాను.

జాగ్రత్తల విషయంలో మాత్రం తలకిందుల సలహా లేదు. స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెట్టకూడదు, పొటాషియం హైడ్రాక్సైడును చేత్తో ముట్టుకోకూడదు, టీచరు పక్కన లేకుండా ఈ రెండిటి జోలికీ పోకూడదు.

ఇక రబ్బరు సంగతి. శనివారం రబ్బరు ఇంట్లో పెట్టి రా. వైట్‌నరు అసలే వద్దు. తప్పు రాసినచోట ఒక్క గీత కొట్టు, కింద ఉన్నది చదవగలిగేలా. లోలకం ప్రయోగంలో ఇది ఎంత అవసరమో తెలుస్తుంది. మీటరు పొడవున్న దారానికి గుండు కట్టి కొద్ది కోణంలో వదిలితే ఇరవై డోలనాలకు నలభై సెకన్లు, దానికి కాస్త అటూ ఇటూగా పడుతుంది. మూడుసార్లు కొలవమంటాం. కొంతమంది మూడు గడుల్లోనూ 40.1 అనే రాస్తారు. ఆ మూడు అంకెలను నేను నమ్మను. స్టాప్‌వాచీ నొక్కేది మనిషి వేలు, కన్ను చూశాక వేలు కదలడానికి సెకనులో కొంత భాగం పడుతుంది, అది ప్రతిసారీ ఒకేలా ఉండదు. 39.8, 40.4, 40.0 అని రాసినవాడు కొలిచాడు. ఇంటర్‌కి వెళ్లాక ఇంకో అలవాటు పట్టుకుంటుంది. గురుత్వ త్వరణం 9.8 రావాలి కాబట్టి అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టి కాలాన్ని నింపడం. ఆ అలవాటు ఒకసారి వచ్చిందంటే ఆ తర్వాత ఏ కొలతా నిజంగా కొలవాలనిపించదు. అందుకే స్కూల్లో ఉండగానే, నువ్వు కొట్టేసిన అంకెలను కూడా అలాగే ఉంచుకోవడం నేర్చుకో.

పెద్ద శాస్త్రవేత్తలు ఇలాగే ఉంచుకున్నారు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పనిచేసిన మైకేల్ ఫారడే తన ప్రయోగాల దినచర్యలో పేరాలకు వరసగా నంబర్లు వేసుకుంటూ పోయాడు, అవి పదహారు వేలు దాటాయి. గురుత్వాకర్షణకూ విద్యుత్తుకూ సంబంధం ఉందేమోనని 1849లో వరసగా ప్రయోగాలు చేశాడు. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకలేదనే సంగతిని రాసుకోవడమే కాదు, 1851లో అచ్చు కూడా వేయించాడు. మన దేశంలో చూడు. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ బడిలో చదివిన సి.వి. రామన్, 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో కనిపెట్టినదానికి గుర్తుగా మనం సైన్సు దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ ఫిబ్రవరిలో ఏ రోజు ఏం జరిగిందో మనకు ఇంత వివరంగా తెలియడానికి ముఖ్యమైన ఆధారం, రామన్‌తో కలిసి పనిచేసిన కె.ఎస్. కృష్ణన్ రాసుకున్న డైరీ. సైన్సు దినోత్సవం నాడు ఫ్లెక్సీ మీద రామన్ బొమ్మ పెడతారు, మంచిదే. ఆ పక్కన కృష్ణన్ డైరీ గురించి నాలుగు ముక్కలు రాసి పెడితే ఇంకా మంచిది.

పాఠం చదవకముందే జవాబు రాయి. ఇదీ ఇంట్లో ఒప్పుకోని సలహాయే, "ముందు చదివి తర్వాత రాయి" అంటారు. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, గాజు గ్లాసు బోర్లిస్తే ఏమవుతుందో ముందే రాయి, ఆ తర్వాత చెయ్యి. కొవ్వొత్తి ఆరుతుంది, గ్లాసులోకి నీళ్లు ఎక్కుతాయి. చాలామంది చెప్పే జవాబు ఏమిటంటే, గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ కాబట్టి అది ఖర్చయినంత మేర నీళ్లు ఎక్కాయి అని. ఆ జవాబు ముందే బట్టీ పట్టినవాడు గ్లాసు వైపు చూడడు. నువ్వు చూడు. గ్లాసు బోర్లించేటప్పుడు అంచు దగ్గర బుడగలు బయటికి వచ్చాయా? మంట వెలుగుతున్నప్పుడు నీళ్లు ఎక్కాయా, ఆరిన తర్వాత గబుక్కున ఎక్కాయా? ఒక కొవ్వొత్తి బదులు మూడు పెడితే నీళ్లు ఎక్కువ ఎక్కాయా? గ్లాసులో ఆక్సిజన్ అంతే ఉంది కదా, మరి ఎందుకు ఎక్కువ ఎక్కాలి? మంట వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోతుంది, మంట ఆరగానే లోపల మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది, నీళ్లు లోపలికి వస్తాయి. నీళ్లు అంత ఎత్తుకు ఎక్కడానికి ముఖ్య కారణం అదే. పైగా కొవ్వొత్తి గ్లాసులో ఉన్న ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే ఆరిపోతుంది. ఇన్ని సంగతులు ఒక గ్లాసులో ఉన్నాయి. నువ్వు ముందుగా రాసుకున్న జవాబు తప్పయితే ఆ పేజీ మరీ విలువైనది, దాని కిందే "నేను ఇలా అనుకున్నాను, ఇది చూశాక మార్చుకున్నాను" అని రాయి. డార్విన్ కూడా తన అభిప్రాయానికి వ్యతిరేకమైన సంగతి ఏది కనబడినా వెంటనే రాసుకునేవాడు, అలాంటివే తొందరగా మరిచిపోతామని ఆయన గమనించాడు.

ప్రాజెక్టుల విషయానికొస్తే, పెద్దది చెయ్యకు. థర్మోకోలు అగ్నిపర్వతం, వంటసోడా, నిమ్మరసం, ఎర్ర రంగు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కాని అది పొంగుతుందని చేసేముందే నీకు తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. ఫ్యాన్సీ షాపులో తయారుగా దొరికే నమూనాకు నాన్నగారు డబ్బులు పెట్టి, అన్నయ్య అతికించి, నువ్వు పక్కన నిలబడితే, శనివారం పేజీలో రాయడానికి నీ దగ్గర ఏముంటుంది? దాని బదులు ఒక థర్మామీటరు తీసుకో. జ్వరం చూసేది కాదు, ప్రయోగశాలలోది. మీ బడిలో రేకుల గది ఉంటుంది, స్లాబు గది ఉంటుంది. రెండిట్లోనూ పొద్దున, మధ్యాహ్నం, బడి వదిలేటప్పుడు ఒక వారం పాటు ఉష్ణోగ్రత రాయి. చూడ్డానికి ఏమీ ఉండదు, ఒక పట్టిక అంతే. కాని రెండో రోజుకే సందేహాలు వస్తాయి. థర్మామీటరు గుండు గోడకు తగిలితే గోడ వేడి చూపిస్తుంది, గాలిది కాదు. పట్టుకుని చూస్తే చేతి వేడి తగులుతుంది. పిల్లలు నిండా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ ఒకటే గది వేరుగా ఉంటుంది. ఫ్యాను వేస్తే మనకు చల్లగా అనిపిస్తుంది, థర్మామీటరులో మాత్రం తగ్గదు. ఎందుకని? అదొక్కటే రెండు వారాల పేజీలకు సరిపోతుంది. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కోరేది కూడా ఇలా మన చుట్టూ ఉన్న సమస్యను కొలిచి చూసే పనినే. ఇన్‌స్పైర్ మనక్ అనే ప్రభుత్వ పథకం కింద ఎంపికైన ఆలోచనకు పదివేల రూపాయలు ఇస్తారు. ఆ డబ్బు రాకముందే పని మొదలుపెట్టడానికి థర్మామీటరూ ఒక స్కేలూ చాలు.

అమ్మానాన్నలకు ఒక మాట. పేజీలో కొట్టివేతలు చూసి కోప్పడకండి, మళ్లీ ఫెయిర్ చేయించకండి. ఫెయిర్ చేయించిన పేజీ నాకు పనికిరాదు. తోటి టీచర్లనూ అడుగుతున్నాను. "నాకు అర్థం కాలేదు" అని రాసిన పిల్లకు అయిదుకు మూడు వేసి, గైడు దించిన పిల్లకు అయిదు వేస్తే, మరుసటి శనివారం నుంచి తరగతిలో అర్థం కానివాళ్లు ఒక్కరూ ఉండరు. పేజీ కింద టిక్కు కొట్టి సంతకం పెట్టే బదులు ఒక ప్రశ్న రాయండి. నలభై నోటుబుక్కులు ఉంటే కష్టమే, తెలుసు. వారానికి పదిమందివి అలా చూసినా నెలలో అందరివీ అయిపోతాయి.

వెర్రి ప్రశ్న అనిపించినా రాయి. టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే బడిపిల్లాడు 1963లో ఐస్‌క్రీం కోసం కాచిన పాలను చల్లారనివ్వకుండానే ఫ్రీజరులో పెట్టాడు. కాచకుండా పెట్టిన తోటి పిల్లాడి పాలకంటే అతనివే ముందు గడ్డకట్టాయి. టీచరు నువ్వేదో పొరబడ్డావన్నారు, తోటివాళ్లు నవ్వారు. అతను ఆ ప్రశ్న వదలలేదు. తర్వాత తమ బడికి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చిన డెనిస్ ఆస్బోర్న్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుణ్ణి అదే అడిగాడు. ఆయన నవ్వకుండా తిరిగి వెళ్లి ప్రయోగం చేయించి చూశాడు. 1969లో ఇద్దరి పేర్ల మీదా వ్యాసం వచ్చింది. ఆ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. 2016లో ఇద్దరు పరిశోధకులు జాగ్రత్తగా కొలిచి, తమకు అలాంటి ప్రభావం కనబడలేదని, థర్మామీటరు పెట్టే ఎత్తులో కొద్ది తేడా ఉన్నా ఫలితం మారిపోతుందని చెప్పారు.

మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంటే వచ్చే శనివారానికి నువ్వే చూడు. ఒకేలాంటి స్టీలు గ్లాసులు రెండు తీసుకో, రెండిట్లోనూ కొలిచి సగం సగం నీళ్లు పొయ్యి, ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఒకదాంట్లో చెయ్యి కాలనంత వేడి నీళ్లు. ఫ్రీజరులో మంచు పేరుకుని ఉంటే వేడి గ్లాసు దాన్ని కరిగించి లోహానికి అతుక్కుంటుంది, కాబట్టి రెండు గ్లాసుల కిందా అట్టముక్కలు వెయ్యి. మొదలుపెట్టకముందే ఒకటి రాసుకో: గడ్డకట్టిందని దేన్ని చూసి అంటావు, పైన పలచని పొర కనబడినప్పుడా, గ్లాసు వంచినా నీరు కదలనప్పుడా? మర్నాడు గ్లాసుల చోట్లు మార్చి మళ్లీ పెట్టు. రెండు రోజుల ఫలితాలూ కలవకపోతే రెండూ రాసి తీసుకురా.