మైనారిటీ తీరని జనం

ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్లూ మన నాయకులు వాక్‌స్వాతంత్ర్యం గురించి ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్‌కే పాఠం చెప్పగలరు. నోరు నొక్కితే నిజం చస్తుందంటారు. అడిగేవాడు లేకపోతే ప్రజాస్వామ్యమే లేదంటారు. ప్రమాణ స్వీకారం కాగానే ఫేస్‌బుక్‌లో వెటకారం చేసిన కుర్రాడింటికి తెల్లవారుజామున పోలీసుల్ని పంపుతారు. జనం దీన్ని రెండు నాల్కల ధోరణి అంటున్నారు. పాపం, అన్యాయం! నాయకులు మిల్‌ను పూర్తిగా చదివారు, అంతే.

1859లో వచ్చిన 'ఆన్ లిబర్టీ'లో ఆయన చెప్పిందేమిటి? లోకమంతా ఒకవైపు, ఒక్కడే మరోవైపు ఉన్నా సరే, వాడి నోరు మూయించే హక్కు లోకానికి లేదు. వాడిది నిజమైతే మనమే నష్టపోతాం. అబద్ధమైతే దాంతో తలపడితేనే మన నిజానికి పదును. భేషుగ్గా ఉంది. అయితే మొదటి అధ్యాయంలోనే ఓ మినహాయింపు ఉంది: ఇదంతా పిల్లలకు వర్తించదు, ఇంకా ఎదగని జాతులకూ వర్తించదు. బాగుచేసే ఉద్దేశంతో అలాంటివాళ్లను నిరంకుశంగా ఏలినా తప్పులేదట! రాసిన పెద్దమనిషి 1823లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, పెద్ద హోదాకెదిగి, 1858లో ఏడాదికి 1,500 పౌన్ల పింఛనుతో దిగిపోయాడు. ఎదగని ఆ జాతులేవో, ఆ పింఛను ఎవరి సొమ్మో వేరే చెప్పాలా?

దొరలు పోతూ పుస్తకాన్ని మన కాలేజీలకిచ్చారు, మినహాయింపును సచివాలయానికిచ్చారు. 1950లో రమేశ్ థాపర్ 'క్రాస్ రోడ్స్' పత్రికను మద్రాసు రాష్ట్రం (కోస్తా, రాయలసీమ అప్పుడు అందులోవే) తన గడప తొక్కనివ్వనంది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఢిల్లీ సర్కారు తప్పు దిద్దుకుంది: రాజ్యాంగాన్నే సవరించింది! 1951 జూన్ నాటికి దాని వయసు ఏడాదిన్నర కూడా లేదు. అమెరికావాళ్ల మొదటి సవరణ సర్కారు చేతులు కడితే, మన మొదటి సవరణ విప్పింది. ఆంక్షలు 'సహేతుకం'గా ఉండాలని కూడా అందులో రాశారనుకోండి. హేతువు మాత్రం స్టేషన్‌లో ఎస్సైగారి దగ్గరుంటుంది, వెళ్లి అడిగి తెచ్చుకోవాలి.

ఇక రాజద్రోహపు 124ఏ. తెల్లవాళ్లు 1870లో పెట్టిన సెక్షన్ ఇది. 1908లో బెజవాడ 'స్వరాజ్య' సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావును జైల్లో వేసింది దీనికిందే. తెల్లవాళ్లు పోయాక డెబ్బై ఏళ్లకు పైగా దాన్ని భద్రంగా వాడుకున్నాం. 2022లో సుప్రీంకోర్టు పక్కన పెట్టించింది. 2024 జూలై 1న, వలస పాలన చట్టాన్ని వదిలించుకున్నామని డప్పు కొట్టి మరీ భారతీయ న్యాయ సంహితలో 152వ సెక్షన్ తెచ్చారు. జనం ఎదిగారో లేదో గానీ శిక్ష మాత్రం ఎదిగింది. పాతదాంట్లో యావజ్జీవం, కాకుంటే మూడేళ్ల వరకు జైలు. కొత్తదాంట్లో యావజ్జీవం, కాకుంటే ఏడేళ్ల వరకు.