బిగుసుకున్న బిరడా

మా ఆవిడ బొబ్బిలి వీణకు ఏడు తీగలు, వాటిని బిగించే ఏడు బిరడాలు. ఆరు మాట వింటాయి. పంచమం తీగ బిరడా మాత్రం శ్రావణం వచ్చిందంటే అలిగిన కొత్తల్లుడే. బతిమాలితే కదలదు, బలవంతం చేస్తే కొంప ముంచుతుంది. వానల తేమకు చెక్క ఉబ్బి, రంధ్రం బిరడాను పట్టేస్తుంది మరి.

గుంటూరు, చిలకలూరిపేటల మధ్య హైవే మీదున్న మా ఎడ్లపాడు చుట్టూ స్పిన్నింగ్ మిల్లులే. కాబట్టి ఫిట్టర్లకూ సలహాలకూ కరువు లేదు. సంగతి తెలిసి పక్కింటి ఫిట్టరు పైపురెంచీతో దిగాడు.

"రెండు చుక్కలు నూనె కొట్టి ఒక్క పట్టు పడితే దాని అబ్బ తిరుగుద్ది బాబాయ్!"

మా ఆవిడ వీణకు అడ్డంగా కూర్చుంది. చేతిలో వీణ లేకపోతే సరస్వతికీ దుర్గకూ పెద్ద తేడా ఉండదని ఆ రోజే తెలిసింది.

నూనె తాగిన చెక్కకు ఇక పట్టుండదు. తీగ బిగించి చెయ్యి తీయగానే బిరడా జారిపోతుంది. ఇక రెంచీ సంగతి. బిగుసుకున్న బిరడా చిన్న బలానికి కదలదు, పెద్ద బలానికి ఆగదు. పంచమం దగ్గర నిలవాల్సింది నిషాదం దాకా దూకుతుంది, తీగ టంగుమంటుంది.

ఈ తంటా వీణకే పరిమితం కాదు. పాత సినిమాల్లో భగ్నప్రేమికుడు పెళ్లి పందిట్లో పియానో ముందు కూర్చుని ఎంత ఏడ్చినా, దానికి శ్రుతి చేసినవాడి ఏడుపు ఎవరూ చూపించలేదు. మెట్లు 88, లోపల తీగలు సుమారు 230, ఒక్కో తీగకు ఒక్కో ఉక్కు పిన్ను. తీగలన్నీ కలిసి లాగే బలం టన్నుల్లో ఉంటుంది. అయినా పిన్నుకు నట్టూ లేదు, బోల్టూ లేదు. పొరలు అతికించిన చెక్కలోకి సుత్తితో దించుతారు, ఆ చెక్క పట్టే దానికి దిక్కు. మరీ బిగుతైతే పిన్ను పైభాగం మెలి తిరుగుతుంది, అడుగు కదలదు. శ్రుతి కుదిరిందని ట్యూనరు డబ్బులు పుచ్చుకుని మెట్లు దిగుతాడు. ఆపైన పిన్ను తీరిగ్గా మెలి విప్పుకుంటుంది.

మాకున్నవి ఏడే కాబట్టి వైద్యం చవక. తీగ వదులు చేసి, బిరడాను మెల్లగా బయటికి లాగి, నిగనిగలాడే చోట సబ్బుముక్క రుద్దాలి, తిరగడానికి. పైన సుద్ద రాయాలి, జారకుండా. బిగించే ముందు కొంచెం కిందికి తిప్పి, ఆ తర్వాతే పైకి తేవాలి.

అంతా విని ఫిట్టరు తల గోక్కున్నాడు. "మా మిల్లులో గాలి పొడిబారితే దారం తెగుద్దని తుంపర కొడతాం. మీ ఇంట్లో తేమకే తీగ తెగుద్దా?"

అప్పట్నుంచి రెంచీ తేవడం మానేశాడు. ముసురు పట్టిన రోజున గోడ మీంచి కేకేస్తాడు: "ఇయ్యాల మిల్లుకు మంచిరోజు బాబాయ్, పిన్నికి సెలవు!"